ఒట్టు వెయ్యని మనిషి

"బీపీ యాభై, మేడం" అన్నాడు జయపాల్.

రాగిణి మానిటర్ వంక చూడలేదు. బుల్లెమ్మ మెడ పక్కన రెండు వేళ్ళు ఆనించి నాడి వెతికింది. దొరికింది గానీ, నూలుపోగులా ఉంది. ఇంకాస్త నొక్కితే తెగిపోయేటట్టుంది.

"రక్తం పోతోందా?" తెర మీదుగా అడిగింది.

తెర అవతల సర్జన్ హర్షవర్ధన్ చేతులు మణికట్టు దాకా పొట్టలో ఉన్నాయి. "చుక్క లేదు. పొట్ట తెరిచాను, పెద్దపేగులో గడ్డ చూశాను, అంతే. ఇంకా ఏదీ కొయ్యలేదు. ఏం చేశావు నువ్వు?"

ఆపరేషన్ మొదలైన కాసేపటికే రోగి కుప్పకూలితే సర్జన్ నోటి నుంచి వచ్చే మాట అదే. మత్తు డాక్టరుకి అది కొత్త కాదు. రాగిణి పని చేసుకుపోయింది. మత్తు గ్యాస్ తగ్గించింది. నొప్పి తెలియకుండా వెన్నులోకి సన్నటి గొట్టం గుండా వెళ్తున్న మందు ఆపేసింది. రెండు చేతులకీ సెలైన్ ధారగా వదిలింది. బీపీ ఎక్కించే మందు పంపు వేగం పెంచింది. మళ్ళీ పెంచింది. అంకె కదల్లేదు.

ఒంటి మీద దద్దుర్లు లేవు. ఊపిరితిత్తుల్లో పిల్లికూతలు లేవు. గుండె గీత చక్కగా ఉంది.

"సిరంజిలన్నీ మళ్ళీ చూశాను మేడం" అన్నాడు జయపాల్. థియేటర్ టెక్నీషియన్‌గా అతని జుట్టు ఆ గదిలోనే నెరిసింది. "లేబుళ్ళు కరెక్టే. వాడిన ఆంప్యూల్స్ ఇవిగో, ఒక్కటీ పారెయ్యలేదు." ఖాళీ గాజు సీసాలని ఆపరేషన్ ముగిసేదాకా ట్రేలో వరసగా నిలబెట్టి ఉంచడం అతని అలవాటు. కొత్తగా వచ్చిన డాక్టర్లు బొమ్మల కొలువని ఎగతాళి చేసేవాళ్ళు.

"షుగర్ చూడు."

జయపాల్ వేలు పొడిచి చూశాడు. "అదీ పడిపోయింది మేడం."

షుగర్ జబ్బే లేని మనిషికి షుగర్ ఎందుకు పడిపోవాలి? రాగిణి బుల్లెమ్మ చెయ్యి ఎత్తి పట్టుకుని లైటు కిందికి తెచ్చింది. చర్మం ఉల్లిపొరలా ఉంది. మోచేతి దాకా నేరేడుపండు రంగు మచ్చలు. పొద్దున సూది గుచ్చేటప్పుడే కనబడ్డాయి. ల్యాబ్ వాళ్ళు మోటుగా గుచ్చి ఉంటారనుకుని వదిలేసింది.

"జయపాల్! ముందు ఒక ట్యూబులోకి రక్తం తియ్యి. తర్వాత హైడ్రోకార్టిజోన్ ఇచ్చెయ్."

"ఒక్కటే ఉంది మేడం ఇక్కడ."

"ఇచ్చేసి ఇంకొన్ని పట్టుకురా. పరుగెత్తు!"

జయపాల్ సూది వేసి, మందు పేరు చూపించడానికి ఖాళీ సీసా గుప్పిట్లో పట్టుకుని, మాస్కుతోనే తలుపు తోసుకుని పరుగెత్తాడు. మందుల దుకాణం కింది అంతస్తులో. దారి పొడుగునా బుల్లెమ్మ బంధువులు.

అతను తిరిగొచ్చేసరికి బీపీ లేస్తోంది. డెబ్భై. ఎనభై అయిదు. వంద.

హర్షవర్ధన్ ఊపిరి వదిలాడు. "ఏమిటిది? ఎలర్జీయా?"

"కాదు. ఈవిడ ఎన్నాళ్ళ బట్టో స్టెరాయిడ్ బిళ్ళలు మింగుతోంది. ఎవరో ఈమధ్యే ఉన్నపళంగా ఆపించారు."

హర్షవర్ధన్‌కి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లో దాన్ని తయారు చేసే గ్రంథులు పని మానేస్తాయి. బిళ్ళ ఆపేసినా అవి వెంటనే లేవవు, నెలలు పడుతుంది. ఆ లోపల పొట్ట మీద కత్తి పడితే, ఇప్పుడిచ్చిన హైడ్రోకార్టిజోన్ లాంటి స్టెరాయిడ్ సూది తప్ప బీపీని నిలబెట్టే దిక్కుండదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఆ ఒంట్లో వేసిన కుట్లు అతుక్కోవు.

"గడ్డ తీసేసి పేగుని బయటికి పెడతా. లోపల కలిపి కుట్టే ధైర్యం లేదు" అన్నాడతను. "నీకు ముందు చెప్పలేదా వీళ్ళు?"

రాగిణి మానిటర్ వైపు తిరిగింది. మాస్కు కింద పెదవి కొరుక్కుంది.

*

ఆపరేషన్‌కి ముందు పరీక్ష జరిగిన రోజు ఆమె కళ్ళ ముందు కదిలింది. బుల్లెమ్మ కుర్చీలో కూర్చుంది. వెనకాల చేతులు కట్టుకుని భర్త బసవయ్య. పక్కన, తెల్ల చొక్కా, చంకలో తోలు సంచీతో ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు భానుమూర్తి. కూచిపూడి అవతల వాళ్ళ ఊరు. భానుమూర్తే తన కారులో తీసుకొచ్చాడు.

"ఏమన్నా మందులు వాడుతున్నారా?" ఫైల్లోంచి తలెత్తకుండానే అడిగింది రాగిణి. బయట ఇంకా బోలెడంత మంది ఉన్నారు.

బుల్లెమ్మ నోరు తెరిచింది. "బీపీ బిళ్ళ ఒక్కటే మేడం" అన్నాడు భానుమూర్తి. "మా పిన్నిగారికి మందులంటేనే గిట్టదు." బుల్లెమ్మ నోరు మూసుకుంది.

"మొహం చూస్తే జబ్బు మనిషిలా లేరే" అంది రాగిణి. నిండు చంద్రుడిలా గుండ్రంగా, ఎర్రగా ఉన్న మొహం.

"గేదెపాలండీ! మీగడ పెరుగు!" భానుమూర్తి నవ్వాడు. అందరూ నవ్వారు. రాగిణి కూడా నవ్వింది.

*

మధ్యాహ్నానికల్లా కారిడార్ అంతా ఒకటే మాట. మత్తు ఎక్కువైందట. ఎవడో టెక్నీషియన్ తప్పు మందు ఎక్కించి, సీసా దాచెయ్యబోతూ పరుగెత్తాడట. చూసినవాళ్ళున్నారట.

మేనేజర్ విశ్వేశ్వర్ తన గదిలో ఏసీ పెంచుకుని కూర్చున్నాడు. "ఖాళీ సీసాతో పరుగెడుతుంటే ఫోన్లో వీడియో తీశారు మేడం. ఊరంతా చూసేసింది."

"ఆ సీసాయే ఆవిణ్ణి బతికించింది."

"నాకు తెలీదా? వాళ్ళకి చెప్పండి చూద్దాం! భానుమూర్తి గారు అడ్డుపడబట్టి అద్దాలు మిగిలాయి. ఆయన ఒక్కటే అడిగాడు. ఆ మనిషి ఇక్కడ కంటికి కనబడకూడదన్నాడు. మీరు తప్పు చెయ్యలేదని కూడా ఆయనే చెప్పాడు వాళ్ళకి. డాక్టరమ్మ మంచిదే, కింది వాళ్ళతోనే వచ్చిందీ తంటా అని."

"స్టెరాయిడ్ ఆయనే ఇచ్చి ఉంటాడు."

విశ్వేశ్వర్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఉంటాడు అంటే సరిపోదండీ. ఆ పక్క పది ఊళ్ళ పేషెంట్లు ఆయన చెయ్యి పట్టుకునే మన మెట్లెక్కుతారు. వాళ్ళ నోటి నుంచి ఆ పేరు రావాలి. వస్తే జయపాల్‌ని నేనే కారు పంపించి పిలిపిస్తా. అందాకా ఇంట్లో ఉండనివ్వండి."

జయపాల్ లాకర్ ఖాళీ చేస్తున్నాడు. థియేటర్ చెప్పులు తుడిచి, జతగా కాగితంలో చుట్టాడు.

"తాత్కాలికమే జయపాల్."

"మన లైన్లో తాత్కాలికం ఏముంటుంది మేడం?" అతను నవ్వడానికి ప్రయత్నించాడు. "మత్తు తప్పిచ్చాడన్న పేరు పడ్డాక ఈ ఊళ్ళో సూర్యారావుపేట నుంచి పటమట దాకా ఏ థియేటర్ తలుపూ తెరుచుకోదు. ఈ వయసులో ఇంకో పని నేర్చుకోలేను కూడా."

"వాళ్ళ నోటితోనే పేరు చెప్పిస్తాను."

జయపాల్ ఆమె వంక జాలిగా చూశాడు. "సాయంత్రం వెన్నులో గొట్టం చూసుకోండి మేడం. మందు కొంచెంగా మొదలెట్టండి. నొప్పి ఉంటే ఆవిడ దగ్గదు. దగ్గకపోతే కళ్ళె ఊపిరితిత్తుల్లో పేరుకుపోతుంది."

*

మర్నాడు బుల్లెమ్మ కళ్ళు తెరిచింది. గొంతులో గొట్టం తీసేశారు. మాట వచ్చింది. రాగిణి మంచం పక్కన కూర్చుని మూడు బంతులున్న ప్లాస్టిక్ పరికరాన్ని ఆమె నోటి దగ్గర పెట్టింది.

"ఊదకండి. లోపలికి పీల్చాలి. గట్టిగా... బంతి పైకి లేవాలి."

ఒక బంతి కాస్త కదిలి కూర్చుంది.

"మా బాబీగాడికివ్వు తల్లీ, మూడూ ఒక్కసారే లేపుతాడు" అంది బుల్లెమ్మ. "నా మనవడు. నేను నాటుకోడి పులుసు తాగేటప్పుడు కూడా ఇట్టానే జుర్రుతానని ఎక్కిరిస్తాడు."

"మళ్ళీ తాగుదురుగాని. ఇంకోసారి పీల్చండి." రాగిణి ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మచ్చలు నల్లబడ్డాయి. "మోకాళ్ళ నొప్పులున్నాయా అమ్మా?"

బుల్లెమ్మ చప్పున తలుపు వైపు చూసింది. అక్కడెవరూ లేరు.

"ఉండేయి. బాగయ్యాయి."

"దేనితో బాగయ్యాయి?"

"అది చెప్పకూడదు."

"ఎందుకని?"

"ఒట్టేశాను. బాబీగాడి నెత్తిన చెయ్యి పెట్టించాడు. ఆపరేషనోళ్ళకి తెలిస్తే కత్తి పట్టుకోరు, వెనక్కి పంపేస్తారన్నాడు. వారం ముందే మాన్పించేశాడు. మానేసిన కాణ్ణించి ప్రాణం ఒంట్లో లేదు. పక్క మీంచి లేవలేకపోయా."

"ఎవరు?"

"పేరు చెప్తే ఒట్టు తప్పినట్టేగా."

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండమ్మా. ఒకతని ఉద్యోగం పోయింది. మీకు సాయం చేసినతను."

బుల్లెమ్మ గుండ్రటి మొహం ముడుచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాపం. ఎవరి బిడ్డో! నా ప్రాణమైతే ఇస్తా తల్లీ. మనవడి ప్రాణం ఎట్టా ఇమ్మంటావు?"

రాగిణికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "పోనీ, ఆ రోజు నేనడిగినప్పుడన్నా చెప్పొచ్చు కదా! అప్పటికి ఆ బిళ్ళ చూపించినా చాలుగా."

"నువ్వు నన్నడగలేదుగా" అంది బుల్లెమ్మ. గొంతులో నిష్ఠూరం లేదు. "ఆయన్నడిగావు."

రాగిణి మూడు బంతుల పరికరాన్ని మళ్ళీ ఆమె నోటికి అందించింది.

*

ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. హైడ్రోకార్టిజోన్ ఇవ్వకముందు జయపాల్ తీసిన రక్తంలో సొంత స్టెరాయిడ్ జాడే లేదు. అనుమానం నిజమైంది. కానీ రక్తం పేరు చెప్పదు.

బసవయ్యని అడిగింది. ఆయన పైపంచె చివర వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూశాడు. "మాకేం తెలుసమ్మా? అన్నీ డాక్టరు గారికే తెలుసు." ఆయనా ఒట్టు వేశాడని రాగిణికి అర్థమైంది.

భానుమూర్తి క్యాంటీన్లో ఉన్నాడు. ఆమెని చూడగానే లేచి కుర్చీ లాగాడు. "కూర్చోండి మేడం. రెండు టీ! పంచదార తక్కువ."

"మోకాళ్ళకి స్టెరాయిడ్ ఇచ్చింది మీరేనా?"

"పిన్నిగారు అలా అన్నారా?"

"అనలేదు."

"మరి?" అతను టీ ఊదుకున్నాడు. మొహంలో గర్వం లేదు, భయం లేదు. అలసట ఉంది. "మీరైతే మోకాళ్ళు మార్పించుకోమంటారు. మంచిదే. కానీ పొద్దున్నే మడిలో వంగి నాటెయ్యాల్సిన మనిషికి ఆ మాట చెప్పి చూడండి. సాయంత్రానికల్లా నడవాలి వాళ్ళకి. ఎవడో ఒకడు నడిపించాలి. ఆ ఎవడో ఎవడైతే మీకెందుకు?"

"ఆవిడ టేబుల్ మీదే పోయేది."

"పోలేదుగా. మీ చేతి చలవ." గ్లాసు కింద పెట్టాడు. "ఆ టెక్నీషియన్‌కి వేరే చోటెక్కడన్నా చూపిస్తాలెండి. మంగళగిరి వైపు నాకు తెలిసిన ఆస్పత్రులున్నాయి. అతని పొట్ట నేను కొట్టను."

రాగిణి టీ ముట్టుకోకుండా లేచింది. ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా మాట్లాడే మనిషి మీద అరవడం ఎలాగో ఆమెకి తెలియలేదు.

*

బుధవారం బుల్లెమ్మ ఊపిరి పెరిగింది. జ్వరం లేదు. స్టెరాయిడ్‌కి అలవాటు పడిన ఒళ్ళు లోపల మంట అంటుకున్నా బయటికి పొగ రానివ్వదు. ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి సగం నిమ్ముతో తెల్లబడిపోయింది.

రాగిణి ఇంటికి వెళ్ళడం మానేసింది. వీపు తట్టింది, కళ్ళె లాగింది, వెన్నులో మందు రోజుకి నాలుగుసార్లు సరిచూసింది. "దగ్గండి అమ్మా, పొట్ట మీద దిండు అదుముకుని దగ్గండి." బుల్లెమ్మ దగ్గబోయింది. గురువారం అలా దగ్గుతుంటేనే పొట్ట మీది కుట్లు జిప్పు లాగినట్టు విడిపోయాయి.

హర్షవర్ధన్ మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి కుట్టాడు. దారం బిగిస్తుంటే కండ తడిసిన అట్టలా చిరిగింది. ఈసారి ట్రేలో ఖాళీ సీసాల వరస లేదు. కొత్త టెక్నీషియన్ ఎప్పటికప్పుడు డబ్బాలో పడేస్తున్నాడు.

ఈ రెండో ఆపరేషన్‌కి మత్తు ఇవ్వబోయే ముందు బుల్లెమ్మ మాస్కు పక్కకి జరిపి అడిగింది. "నువ్వు నామీద కోపంగా ఉన్నావా?"

"లేదమ్మా."

"ఆ అబ్బాయికి పని దొరికిందా?"

"దొరికింది" అంది రాగిణి.

అదే బుల్లెమ్మ విన్న ఆఖరి మాట. శుక్రవారం పొద్దున, క్యాంటీన్లో ఇడ్లీ వాసన వస్తుండగా, ఐసీయూలో మానిటర్ గీత తిన్నగా సాగిపోయింది.

*

కారిడార్లో ఊరు ఊరంతా ఉంది. బసవయ్య గోడకానుకుని కూర్చున్నాడు. అరుపులు లేవు. అరవాల్సినంత మొదటిరోజే అరిచేశారు. భానుమూర్తి ఒకరొకరి దగ్గరికీ వెళ్ళి భుజం తడుతున్నాడు. అంబులెన్స్ సంగతి, ఇంటి దగ్గర టెంట్ సంగతి ఫోన్లో పురమాయిస్తున్నాడు.

విశ్వేశ్వర్ జయపాల్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. రాగిణి ఐసీయూ తలుపు దగ్గర ఆగిపోయింది. జయపాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"పెద్దలందరి ముందూ ఒక్క మాట" అన్నాడు విశ్వేశ్వర్. "ఇతన్ని మేం ఉద్యోగంలోంచి తీసేశాం. తప్పు జరిగిందని మీ అందరికీ క్షమాపణ చెప్పుకుంటాడు. తర్వాత అమ్మగారిని తీసుకెళ్ళొచ్చు."

"పోన్లెండి" అన్నాడు భానుమూర్తి. "చిన్న ఉద్యోగి. పిన్నిగారు ఎటూ తిరిగి రారు."

జయపాల్ చేతులు జోడించాడు. ఒకసారి రాగిణి వంక చూశాడు.

ఆ చూపు తప్పించుకోవడానికే ఆమె తల తిప్పింది. అప్పుడు కనబడింది ఆ బెంచీ.

బెంచీ మీద ముగ్గురాడవాళ్ళు. మధ్యనున్న పెద్దావిడకి పండులా ఎర్రటి గుండ్రటి మొహం. పక్కామెకీ అంతే. ఈ చివరామెకీ అంతే. ఒక్క తల్లి కడుపున పుట్టినట్టున్నారు. మెడ వెనకాల ఒకే రకం కండ. ఒడిలో పెట్టుకున్న చేతుల మీద అవే నేరేడుపండు మచ్చలు. ఎన్నాళ్ళో స్టెరాయిడ్ మింగిన ఒంటి గుర్తులవి. రాగిణి అలవాటు కొద్దీ గుంపంతా పరికించింది. గోడ దగ్గర ఇంకొకామె. మెట్ల మీద ఇంకొకామె.

ఇన్ని రోజులూ వీళ్ళ మధ్య నుంచే నడిచింది.

నడిచి వెళ్ళి బెంచీ ముందు నేల మీద గొంతుక్కూర్చుంది. మధ్యనున్న పెద్దావిడ చెయ్యి పట్టుకుంది.

"మీ పేరేంటమ్మా?"

"వెంకటరత్నమ్మ. పోయినదానికి అక్కని." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిన్న సాయంత్రమే వచ్చా. చూపు దక్కింది, మాట దక్కలా."

నిన్నే వచ్చిన మనిషి. ఏ మనవడి నెత్తినా చెయ్యి పెట్టని మనిషి.

"మీకు మోకాళ్ళ నొప్పులున్నాయా?"

"మేడం" భానుమూర్తి రెండంగల్లో దగ్గరికొచ్చాడు. "పెద్దమ్మగారికి వయసైపోయింది, ఏం గుర్తుండదు. ఏం కావాలో నన్నడగండి, నేను చెప్తా."

రాగిణి తల తిప్పలేదు. "నేను ఆవిణ్ణి అడుగుతున్నాను."

ఆ మాటకి కారిడార్లో గుసగుసలు ఆగాయి. జయపాల్ జోడించిన చేతులు అలాగే ఉన్నాయి.

"నొప్పులా? ఇదివరకుండేయమ్మా, దేకేదాన్ని" అంది వెంకటరత్నమ్మ. అడిగినందుకు ఆమె గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. "ఇప్పుడు మెట్లు కూడా ఎక్కొచ్చా, చూడు. పొద్దునొక పొట్లం, సందేళొక పొట్లం. మా ఊళ్ళో మోకాళ్ళున్న ప్రతి ఆడదీ అదే వేసుకుంటుంది. మా చెల్లెలికి నేనే చెప్పి మొదలెట్టించా. మధ్యలో మానేసింది పిచ్చిది. మానకుండా ఉంటే బతికేది."

బసవయ్య గోడ దగ్గర్నుంచి తలెత్తాడు.

"ఆ పొట్లాలు ఎవరిస్తారమ్మా?" అడిగింది రాగిణి.

వెంకటరత్నమ్మ ఆశ్చర్యపోయింది. ఇంత చదువుకున్న పిల్లకి ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. మచ్చల చెయ్యి పైకెత్తి, పక్కనే నిలబడిన తెల్లచొక్కా అంచు పట్టుకుని, ప్రేమగా ముందుకి లాగింది.

"ఇంకెవరిస్తారు తల్లీ, దేవుడు! ఇదిగో, మా భానుమూర్తి డాక్టరు గారే! నాయనా, మర్చిపోయా, నా పొట్లాలు నిన్నటితో అయిపోయాయి. సంచీలో ఏమన్నా ఉన్నాయా?"